పారే పుట ఎవరి పరిధి

కొట్టువాడు సరుకు తూస్తాడు. కొట్టువాడి కాటాను మేము తూస్తాం. కొలమానాల ధ్రువీకరణ సంస్థ చేసే పని ఇంతే. బంగారం కొట్టు నుంచి రొయ్యల చెరువు గట్టు దాకా ఎక్కడ ముల్లు ఊగినా, ఎక్కడ అంకె వెలిగినా మా ముద్ర పడ్డాకే ఊగాలి, వెలగాలి. అందులో నాది టపా సీటు. వచ్చే కాగితానికీ వెళ్ళే కాగితానికీ నంబరు వేస్తాను. కాబట్టి ఈ వ్యవహారంలో నేను చూడని కాగితం లేదు. చదివి అర్థం చేసుకున్నవి మాత్రం తక్కువ.

నేలపూడి ఎస్తేరు మా ప్రయోగశాలలో ఇన్‌స్పెక్టరు. పగలంతా సంతల్లో, చేపల రేవుల్లో కాటాలు పరీక్షించి, సాయంత్రం ఇంటికెళ్ళి ఆ రోజు చూసింది రాసుకునే అలవాటు ఆవిడకుంది. స్ప్రింగు కాటా ఎండాకాలంలో ఎందుకు తూలుతుంది, తడి ట్రే బరువు ఎవరి లెక్కలోకి పోతుంది, నీళ్ళ క్యాన్ ఒకటి చేతిలో ఉంటే దొంగ కాటాను ఎలా పట్టుకోవచ్చు, ఇలాంటివి. రాతంతా తెలుగులోనే, మధ్యమధ్య లెక్కలతో. వాటిని ఇంటర్నెట్లో తన పేరుతో ఒక చోట పెట్టాలని ఆవిడ కోరిక. సొంత ఆదివారం, సొంత ఫోను, సొంత రాత. ఈ సొంత అన్న మాట తర్వాత ఎవరికీ జ్ఞాపకం రాలేదు.

చిక్కల్లా ఏ రూపంలో పెట్టాలన్న దగ్గరే వచ్చింది. మామూలు వెబ్ పేజీలో తెలుగు చక్కగా కుదిరింది గానీ, గీత పైన ఒకటీ గీత కింద ఒకటీ ఉండాల్సిన భిన్నాలు ఒకే వరసలో పడుకున్నాయి. లెక్కల పుస్తకాలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో భిన్నాలు పెళ్ళికొడుకుల్లా నిలబడ్డాయి గానీ, ‘త్రాసు’లో ర వత్తు ఊడి పక్క మాట కింద చేరింది. వర్డ్ ఫైలు ఆవిడ ఫోన్లో బాగానే ఉంది, చెల్లెలి ఫోన్లో మాత్రం అక్షరాల బదులు పెట్టెలు కనపడ్డాయి. పీడీఎఫ్‌లో అన్నీ కుదిరాయి, కాకపోతే ఫోన్లో చదవాలంటే చీమల బారును చూసినట్టు కళ్ళు చికిలించాలి.

“ఏదో ఒకటి పెట్టెయ్, ఎస్తేరూ. చదివేవాడు ఎలాగున్నా చదువుతాడు” అన్నాడట భర్త ప్రభుదాసు. ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు.

“మీకేమండీ, విజిల్ ఊదితే పిల్లలు వరసలో నిలబడతారు. నా భిన్నాలు నిలబడట్లేదు” అందట ఈవిడ.

ఇంటితో పోయేది. సోమవారం ఆఫీసు క్యాంటీన్లో టీ తాగుతూ నన్నడిగింది. “మీరైతే ఏది చదువుతారండీ, పీడీఎఫ్ పెడితేనా, వెబ్ పేజీ పెడితేనా?”

నేను ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టాను. ఈలోగా వెనక బల్ల మీద పునుగులు తింటున్న వేంపరాల కృష్ణశాయి గారు చెయ్యి తుడుచుకుని ఇటు తిరిగారు. ఆయన దైర్ఘ్య విభాగానికి అధిపతి. గజం బద్దలు, మీటరు టేపులు, గుడ్డల కొట్లు, భూమి కొలిచే గొలుసులు, పొడవన్నది ఎక్కడున్నా ఆయన పరిధి. చొక్కా జేబులో పెన్ను ఉండకపోవచ్చు గానీ ఉక్కు స్కేలు లేకుండా ఆయన్ను ఎవరూ చూడలేదు.

“ఏమిటమ్మా, ఫార్మాట్ అంటున్నారు?”

ఎస్తేరు చెప్పింది. చెప్పి ఊరుకోకుండా, ఆదివారం ప్రయత్నంగా పెట్టిన పేజీ ఒకటి ఫోన్లో తెరిచి చూపించింది. ఆయన అదే పేజీని తన ఫోన్లోనూ తెరిపించారు. తర్వాత నా ఫోన్లో. తర్వాత మా ముగ్గురినీ వెంటబెట్టుకుని తన గదికెళ్ళి కంప్యూటర్లో. మూడో వాడు క్యాంటీన్ అప్పారావు, టీ గ్లాసుల కోసం వచ్చాడు. జేబులోంచి స్కేలు తీసి ప్రతి తెర మీదా ఆన్చి చూశారు.

“‘ఖాళీ కాటా మీద సున్నా కనపడినంత మాత్రాన’ అని మొదలైంది కదా. నా ఫోన్లో లైను ఎక్కడ తెగింది?”

“‘సున్నా’ దగ్గర సార్.”

“టపా గారి ఫోన్లో?”

“‘మీద’ దగ్గరే తెగిపోయింది సార్.”

“కంప్యూటర్లో?”

“తెగలేదు సార్.”

ఆయన స్కేలు జేబులో పెట్టుకున్నారు. ఇంట్లో దొంగను పట్టుకున్నవాడి మొహం అది. కోపం కంటే బాధ ఎక్కువ.

“ఒకే వాక్యం, మూడు చోట్ల మూడు పొడవులు! అమ్మా, గుడ్డల కొట్టువాడు మనిషిని బట్టి మీటరు బద్ద సాగదీస్తే మనమేం చేస్తాం?”

“కేసు రాస్తాం సార్.”

“మరి?”

“సార్, అది వాక్యం సార్. గుడ్డ కాదు కదా!”

“పొడవుందా లేదా?”

ఉందనక తప్పలేదు.

మర్నాడే నా బల్ల మీదికి సర్క్యులర్ వచ్చింది. “విషయము: ఉద్యోగుల వ్యక్తిగత సాంకేతిక రచనల అచ్చుకూర్పునందు కొలతల ఏకరూపత పాటించుట గురించి. పై అంశమును పురస్కరించుకొని తెలియజేయునది ఏమనగా, కొలతల విషయమై లోకమునకు ఆదర్శముగా నుండవలసిన ఈ సంస్థ ఉద్యోగులు, చూచువారి పరికరమును బట్టి కుంచించుకొనునట్టియు వ్యాకోచించునట్టియు పుటలను ప్రచురించుట సంస్థ గౌరవమునకు భంగకరము. కావున స్థిరమైన కొలతలు గల రూపము నిర్ణయింపబడువరకు అట్టి ప్రచురణలు నిలుపుదల చేయవలెను.”

ఎస్తేరు రాజీకొచ్చింది. స్థిరమైన కొలతలే కావాలంటే పీడీఎఫ్ ఉండనే ఉంది. అందులో పుట పుటే, లైను లైనే, ఎక్కడ తెరిచినా మారదు. ఆ మధ్యాహ్నమే తన నోట్సు పీడీఎఫ్‌గా చేసి కృష్ణశాయి గారి ఫోనుకు పంపి, ఎదురుగా నిలబడింది. ఆయన తెరిచారు. అక్షరాలు చిన్నగా ఉన్నాయి. అందరూ చేసేదే ఆయనా చేశారు. రెండు వేళ్ళు తెర మీద పెట్టి విడదీశారు.

ఆయన వేళ్ళు మళ్ళీ దగ్గరికి తెచ్చారు. మళ్ళీ విడదీశారు.

“అక్షరం పెరిగింది” అన్నారు నెమ్మదిగా.

“పెద్దదిగా కనపడుతోంది సార్, అంతే.”

“నా రెండు వేళ్ళ మధ్య, నా కళ్ళముందు పెరిగిందమ్మా. నా చేత్తోనే చేయించారు.” ఫోనును బల్ల మీద బోర్లా పెట్టేశారు. “ఇది చిన్న విషయం కాదు. కమిటీ వెయ్యాలి.”

కమిటీ పడింది. డైరెక్టరు గారు అధ్యక్షులు. కృష్ణశాయి గారు కన్వీనరు. ద్రవ విభాగం అధిపతి చిట్టూరి సర్వారాయుడు గారు సభ్యులు. పాలు, పెట్రోలు, కిరోసిన్, కల్లు కుండలు ఆయన పరిధి. ఏ కమిటీలోనైనా ఆయనుంటారు, ఉన్నంతసేపూ కునుకుతారు. ఎస్తేరును సభ్యురాలిగా వెయ్యలేదు. ‘సమస్య’ అనే హోదాలో హాజరు కమ్మన్నారు. మినిట్సు రాయడానికి నన్ను కూర్చోబెట్టారు.

ఇంజనీరింగు కాలేజీ నుంచి ఒక కుర్ర లెక్చరర్ని నిపుణుడిగా పిలిపించారు. ఆ అబ్బాయి ఉత్సాహంగా బోర్డు మీద గీతలు గీస్తూ, పీడీఎఫ్ అంటే గడ్డకట్టిన పుట అనీ, వెబ్ పేజీ అలా కాదనీ, అక్షరాలు తెర వెడల్పును బట్టి నీళ్ళలా పారతాయనీ చెప్పాడు. “దీన్నే మేం లిక్విడ్ లేఅవుట్ అంటాం సార్” అన్నాడు.

సర్వారాయుడు గారు కళ్ళు తెరిచారు. నా సర్వీసులో ఆయన మీటింగు మధ్యలో కళ్ళు తెరవడం అదే మొదటిసారి.

“లిక్విడ్ అన్నావా, బాబూ?”

“అవునండీ. పారుతుంది కదండీ.”

“పారేదాన్నేమంటారు కృష్ణశాయి గారూ?”

“అది మాటవరసకు అన్న మాట” అన్నారు కృష్ణశాయి గారు తొందరగా.

“మాటవరసకో, శాస్త్రవరసకో, నిపుణుడు అన్నాడు, టపా గారు మినిట్సులో రాసుకున్నారు.” నేను రాసుకోలేదు. అప్పుడు రాసుకున్నాను. “ద్రవానికి సొంత ఆకారం ఉండదు. ఏ పాత్రలో పోస్తే ఆ ఆకారం. ఈ పుటకు మాత్రం సొంత ఆకారం ఉందా? ఏ ఫోన్లో పోస్తే ఆ ఆకారం. అంటే ఫోను పాత్ర. పాత్రలన్నీ నావి. ఇన్నాళ్ళూ దైర్ఘ్య విభాగం వారు నా పరిధిలో స్కేలు పెట్టి కొలుస్తున్నారని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.”

“పుటను లీటర్లలో కొలుస్తారా మీరు?”

“నాకు గడువిస్తే కొలుస్తాను. మీరు కొలిచారా? తెరను బట్టి పుట సాగుతోందని, కుంచించుకుంటోందని మీ సర్క్యులర్లో మీరే ఒప్పుకున్నారు.”

ఎస్తేరు చెయ్యెత్తింది. “సార్, వచ్చే నెల రొయ్యల పట్టుబడి సీజను మొదలవుతుంది సార్. చెరువు గట్టు మీద కాటా ఎలా పరీక్షించుకోవాలో ఆ పేజీలో ఉంది. ముందు అదొక్కటి పెట్టేస్తే, మిగతావి తమరు తీరిగ్గా...”

“పేజీలో ఏముందన్నది ఈ కమిటీ పరిశీలనాంశం కాదు” అన్నారు డైరెక్టరు గారు. అప్పటిదాకా తగువుపడ్డ ఇద్దరూ ఆ మాటకు ఏకకంఠంతో తలూపారు.

తర్వాత నెలంతా రెండు విభాగాలూ పనిచేశాయి. దైర్ఘ్య విభాగం వాళ్ళు ‘అ’ నుంచి ‘బండి ర’ దాకా అక్షరాల్ని తెర మీద వెర్నియర్ కాలిపర్సుతో పట్టుకోబోయి రెండు మానిటర్లకు గీతలు పెట్టారు. ‘క్ష్మి’ ఎత్తు దగ్గర అభిప్రాయభేదం వచ్చి ఒక సీనియర్ అసిస్టెంటు సెలవు పెట్టాడు. ద్రవ విభాగం వాళ్ళు ఫోన్లకు పాత్రలుగా ముద్ర వేయాలని నిర్ణయించి, ముందు సొంత సిబ్బందితో మొదలుపెట్టారు. నా ఫోను వెనక ఇప్పటికీ సీసం ముద్ర ఉంది. జేబులో పెట్టుకుంటే చొక్కా ఓ పక్కకు లాగుతుంది.

చివరికి రాజీ సూత్రం డైరెక్టరు గారే కనిపెట్టారు. ఆయన గదిలో గాజు పెట్టెలో ప్రామాణిక కిలో గుండు ఒకటుంది. జిల్లాలో గుండ్లన్నీ దానితో పోల్చి చూసుకోవాల్సిందే. దాన్ని చూస్తూ ఆయనన్నారు.

“లోకంలో గుండ్లు ఎన్నున్నా ప్రమాణం ఒకటే. అలాగే తెరలు ఎన్నున్నా ప్రామాణిక తెర ఒకటే ఉండాలి. పుటను ఆ తెర మీదే చూడాలి. అప్పుడు లైను ఎక్కడా మారదు, పుట ఎటూ పారదు.”

కృష్ణశాయి గారి కళ్ళు చెమర్చాయి. “మీటరు బద్ద కూడా వేడికి సాగుతుంది సార్. తెరను ఇరవై డిగ్రీల దగ్గర ఉంచాలి.”

“గది పాత్ర కాబట్టి ముద్ర మేం వేస్తాం” అన్నారు సర్వారాయుడు గారు.

కింది అంతస్తులో పాత రికార్డు రూము ఖాళీ చేయించారు. ఏసీ పెట్టారు. గోడకు పెద్ద తెర బిగించి, దాని ముందు గాజు పలక, గాజు పలక ముందు గొలుసు. ఎస్తేరు పేజీ ఆ తెర మీద వెలిగింది. భిన్నాలు నిలబడ్డాయి, వత్తులు కుదిరాయి, ప్రతి లైనూ తెగాల్సిన చోటే తెగింది. ఎస్తేరు వెబ్‌సైటు చిరునామా నొక్కితే మాత్రం ఒకే ఒక్క వాక్యం కనపడేది. “ఈ పుటను చదువగోరువారు పని దినములలో కార్యాలయమునకు స్వయముగా రావలెను.” ప్రారంభోత్సవానికి విలేకరులొచ్చారు. ‘ఇంటర్నెట్‌కు ఇల్లు కట్టిన సంస్థ’ అని ఒక పేపర్లో ఫోటో కూడా పడింది.

ఆ రోజు ఎస్తేరు నా బల్ల దగ్గరకొచ్చి కూర్చుంది.

“బాగుందండీ పేజీ” అన్నాను, ఏదో ఒకటి అనాలి కదా అని.

“బాగుంది. ఇంత అందంగా నేను కూడా అనుకోలేదు” అంది. “ఒక్కరూ చదవరు, అంతే.”

ఆవిడ అన్నది నిజం కాలేదు. ఒకాయన వచ్చాడు.

పేరు తిరుమాని పెద్దిరాజు. సముద్రం పక్క ఊరు, రెండు బస్సులు మారి వచ్చాడు. రెండెకరాల రొయ్యల చెరువు కౌలుకు చేస్తున్నాడు. మర్నాడు పట్టుబడి. కిందటిసారి పట్టుబడిలో కొనేవాడి మనిషి కాటా తెచ్చి చెరువు దగ్గర తూచిన తూకానికీ తన అంచనాకూ ఎక్కడా పొంతన కుదరలేదు. ఎస్తేరు ఆదివారం పెట్టిన పేజీని, నిలుపుదల కాకముందు, ఎవరో చూసి అతనికి చెప్పారట. ఫోన్లో నొక్కితే ‘స్వయముగా రావలెను’ అని వచ్చింది. వచ్చాడు.

గుర్తింపు కార్డు చూపించాడు. చెప్పులు విప్పించారు, దుమ్ము వల్ల ప్రామాణికత దెబ్బతింటుందని. ఏసీ చలి అలవాటు కాక కాసేపు బయటికొచ్చి తువ్వాలు కప్పుకుని మళ్ళీ వెళ్ళాడు. గొలుసు దగ్గర నిలబడి చదవబోతే గాజు పలక మీద ట్యూబ్‌లైటు మెరిసి సగం లైన్లు కనపడలేదు. ఫోను తీసి ఫోటో తీసుకోబోయాడు. అటెండరు పట్టుకున్నాడు.

“ఫోటో తియ్యకూడదు. ఫోటోలో సైజు మారిపోద్ది.”

“మారితే మారిందిలేండి బాబూ. ఆయ్, నాకు కావాల్సింది విషయవండీ, సైజు నేనేం చేసుకుంటాను?”

“విషయం కావాలంటే వేరే అర్జీ పెట్టుకో. ఇది కొలతల ఆఫీసు.”

గొడవ విని నేను వెళ్ళాను. నా వెనక ఎస్తేరు వచ్చింది. పెద్దిరాజు ఆవిడ ఎవరో తెలుసుకుని రెండు చేతులూ జోడించాడు.

“అమ్మగోరూ, తెల్లారితే వల దింపుతావండీ. మళ్ళీ రెండు బస్సులు పట్టుకుని పోవాల. ఆ గాజు ఎనకాల ఏం రాశారో, నోటితో ఓ ముక్క చెప్పండమ్మా.”

ఎస్తేరు అటూ ఇటూ చూసింది. గదిలో కాదు, వరండాలోకి తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టి, పక్కనే తనూ కూర్చుంది.

“పెద్దిరాజు గారూ, దొంగ కాటా కూడా ఖాళీగా ఉండగా చిన్న బరువు పెడితే సరిగ్గానే చూపిస్తుంది. అక్కడ మోసం ఉండదు. బరువు పెరిగాక తగ్గించి చూపిస్తుంది. అందుకని ముందు నీళ్ళు నింపి మూత బిగించిన క్యాన్ ఒకటి ఖాళీ కాటా మీద పెట్టండి. ఎంత చూపిస్తుందో గుర్తుపెట్టుకోండి. తర్వాత రొయ్యల ట్రేలు పెట్టి తూకం చూడండి. ఆ ట్రేలు తియ్యకుండా, వాటి మీదే అదే క్యాన్ పెట్టండి. ఇందాక క్యాన్ ఒక్కటే ఎంతుందో, ఇప్పుడు అంతే పెరగాలి. తక్కువ పెరిగితే?”

“మిగతాది ఆడి బొక్కసంలోకి పోతందన్నమాట!” పెద్దిరాజు తొడ మీద చరుచుకున్నాడు. “ఓసోస్, ఇంతేనా అండీ?”

“ఇంతే.”

“మరి దీనికి ఆ చలిగదెందుకండీ?”

ఎస్తేరు నవ్వింది. ఆ నెలలో ఆవిడ నవ్వగా చూడటం నాకు అదే మొదలు. దురదృష్టం ఏమిటంటే, వరండా అవతలి చివర నిలబడి కృష్ణశాయి గారు కూడా చూశారు.

పెద్దిరాజు మర్నాడు చెప్పింది చెప్పినట్టు చేశాడు. క్యాన్ ఖాళీ కాటా మీద పది కిలోలపైన చూపించింది, నిండు ట్రేల మీద తొమ్మిదిన్నర కూడా పెరగలేదు. గట్టు మీదున్న రైతులందరూ క్యాన్లు పట్టుకుని వాళ్ళ చెరువులకు పరిగెత్తారట. కాటా తెచ్చినవాడు చెప్పులు కూడా వదిలేసి మోటారుసైకిలెక్కాడట. మా సంస్థ వాళ్ళే వెళ్ళి కాటా పట్టుకుని కేసు రాశారు. ఏడాదంతటికీ అంత పెద్ద కేసు మరొకటి లేదు.

అదే రోజు ఎస్తేరుకు మెమో వచ్చింది. నంబరు నేనే వేశాను. “కార్యాలయ వరండాయందు, పొడవు గాని, ఘనపరిమాణము గాని నిర్ణయింపబడని మాటలను ప్రజలకు నేరుగా పంపిణీ చేసినందులకు మీపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను.” ఆవిడ ఒకే వాక్యంలో జవాబిచ్చింది. “అడిగారు, చెప్పాను.” ఆ జవాబు అసంతృప్తికరంగా ఉన్నందున ఆవిడను ప్రయోగశాల నుంచి తప్పించి కాల విభాగానికి ఇన్‌ఛార్జిగా వేశారు.

కాల విభాగమంటే మేడ మీద చివరి గది. ఒకప్పుడు టాక్సీ మీటర్ల వెయిటింగు ఛార్జీలు, స్టాప్‌వాచీలు అక్కడ పరీక్షించేవారట. ఆ గది అధికారి రిటైరయ్యాక ఎవర్నీ వెయ్యలేదు. గోడ గడియారం ఎప్పుడో ఆగిపోయింది. దాన్ని బాగుచేయించాలంటే ఆ విభాగం అధికారి సంతకం కావాలి, అధికారి లేడు. మా సంస్థలో ఎవరిమీదైనా కోపమొస్తే అక్కడికి పంపుతారు. వాళ్ళు కొన్నాళ్ళు కిటికీలోంచి బయటికి చూసి, సెలవు పెట్టి, బదిలీ చేయించుకుని పోతారు.

ఎస్తేరు వారం రోజులు కిటికీలోంచి చూసింది. భోజనం క్యారియర్ పట్టుకుని నేనూ ఒక పూట వెళ్ళాను.

“ప్రభుదాసు గారేమంటున్నారు?”

“ఉద్యోగం మానెయ్యమంటున్నారు. ఆ పేజీ ఏదో ఇంట్లో కూర్చుని పెట్టుకో అంటున్నారు.” పప్పూ అన్నం కలిపింది. “మానేస్తే కాటాల దగ్గరికి ఎవరు వెళ్ళనిస్తారండీ నన్ను? వెళ్ళకుండా ఏం రాస్తాను?”

నేను మజ్జిగ గ్లాసు ముందుకు జరిపాను. ఆవిడ తీసుకోలేదు. గోడ వంక చూస్తోంది. అక్కడ విభాగం పరిధి రాసిన పాత రేకు బోర్డు ఒకటి వేలాడుతోంది. దుమ్ములోంచి అక్షరాలు సగం కనపడుతున్నాయి. ఎడమచేత్తో దుమ్ము తుడిచి చదివింది. “కాలము పట్టు సమస్త వ్యవహారములు.”

“టపా గారూ, నా పేజీ చదవడానికి ఎంతసేపు పడుతుంది?”

“అయిదారు నిమిషాలు.”

“ఫోన్లో చదివితే?”

“అంతే పడుతుంది.”

“కంప్యూటర్లో?”

“అంతే కదండీ.” అప్పటికి నాకు వెలిగింది. క్యారియర్ మూత చేతిలోంచి జారింది.

ఆ సాయంత్రం కాల విభాగం నుంచి చాలా ఏళ్ళ తర్వాత మొదటి కాగితం కిందికి దిగింది. దాన్ని ఎస్తేరు సంస్థ భాషలోనే రాసింది. “దైర్ఘ్య విభాగము వారి సర్క్యులరు ననుసరించి ఈ పుటకు స్థిరమైన పొడవు లేదని రుజువైనది. ద్రవ విభాగము వారు నెలరోజులు ప్రయత్నించియు దీనిని కొలపాత్రలో నింపలేకపోయిరి గావున ఘనపరిమాణమును లేదని తేలినది. అయితే ఏ పరికరమునందు చూచినను దీనిని చదువుటకు కాలము పట్టుచున్నది. కావున ఇట్టి పుటలు కాల విభాగము పరిధిలోనివని నిర్ణయించి, పుట మొదట ‘చదువుటకు పట్టు కాలము: ఆరు నిమిషములు’ అని ముద్రించు షరతుపై ప్రచురణకు అనుమతింపవచ్చును.”

నేను దాన్ని ముందు కృష్ణశాయి గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన రెండుసార్లు చదివారు.

“సర్వారాయుడికి పోదు కదా ఇది?”

“పోదండీ. కాల విభాగానికి పోతుంది.”

“అయితే సరే.” సంతకం పెట్టారు.

సర్వారాయుడు గారు చదవలేదు. కళ్ళు మూసుకునే అడిగారు. “కృష్ణశాయికి దక్కుతుందా?”

“దక్కదండీ.”

“ఎక్కడ పెట్టాలి సంతకం?”

డైరెక్టరు గారికి రెండు విభాగాలూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టడమే పెద్ద విశేషంగా కనపడింది. ఆమోదించారు. ఆ శుక్రవారం ఎస్తేరు మామూలు వెబ్ పేజీయే పెట్టింది. భిన్నాల సంగతి కూడా తేల్చేసింది. గీతలు పీకేసి, పెద్దిరాజుకు చెప్పినట్టే మాటల్లో రాసింది. ‘క్యాన్ ఖాళీ కాటా మీద ఎంతుందో, నిండు ట్రేల మీదా అంతే పెరగాలి.’ సీజను ముమ్మరమయ్యేసరికి ఆ పేజీ చెరువు గట్ల మీద తడి చేతుల్లో, పగిలిన తెరల మీద, లైనుకు మూడేసి మాటల చొప్పున పారుతూ పోయింది. కాటాలు తెచ్చేవాళ్ళు చాలామంది తమంతట తామే మా ఆఫీసుకొచ్చి ముద్రలు వేయించుకున్నారు. చలిగది ఖాళీగా ఉండటం ఎందుకని డైరెక్టరు గారు మధ్యాహ్న భోజనం అక్కడే చేస్తున్నారు.

కృష్ణశాయి గారు మాత్రం ఊరుకోలేదు. పదిహేను రోజులు శ్రమించి ఆయన కొత్త లోపం పట్టుకున్నారు. స్టాప్‌వాచీ పెట్టి సిబ్బంది చేత ఎస్తేరు పేజీ చదివించారు. సీనియర్ అసిస్టెంటు అయిదు నిమిషాల్లో చదివాడు. అటెండరుకు పది పట్టింది. సర్వారాయుడు గారు సగంలో నిద్రపోయారు, ఇంకా పూర్తిచెయ్యలేదు. ‘ఆరు నిమిషములు’ అన్న ప్రకటన కొలతల మోసం కిందికి వస్తుందని ఆయన తీవ్ర అభ్యంతరం రాసి, ఈసారి నన్ను నమ్మకుండా, ఫైలు తనే పట్టుకుని మేడెక్కారు. నేనూ వెనకే వెళ్ళాను.

ఎస్తేరు లేచి నిలబడి ఆయనకు కుర్చీ చూపించింది. ఫైలు అందుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఎక్కడా నవ్వలేదు.

“చాలా ముఖ్యమైన అంశం లేవనెత్తారు సార్.”

“లేవనెత్తక తప్పలేదమ్మా. మీ మీద నాకేం కోపం లేదు. మీ పేజీ మా అల్లుడు కూడా చూశాట్ట, బాగుందన్నాడు. కానీ కొలత కొలతే.”

“అవును సార్.”

“దీన్ని ఎవరు పరిష్కరించాలి మరి?”

“కాలానికి సంబంధించిన అభ్యంతరం కదా సార్. మా విభాగమే.”

“ఎప్పటికి తేలుతుంది?”

ఎస్తేరు కలం తీసింది. ఫైలు మీద ఒకే ఒక్క వాక్యం రాసి, కింద సంతకం పెట్టి, నాకు ఇచ్చింది. నంబరు వేస్తూ చదివాను. శాఖాపరంగా చూసినా, లోకరీతిన చూసినా ఆ వాక్యంలో తప్పుపట్టడానికి ఏమీ లేదు. కృష్ణశాయి గారు కూడా కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని చదివి, స్కేలు బయటికి తియ్యకుండానే మెట్లు దిగిపోయారు.

“కాలమే నిర్ణయించును. ఇన్‌ఛార్జి, కాల విభాగము.”